సింహాచలం మావ స్లీపరు చెక్క

1992లో, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో బట్టల కొట్ల వెనక సందులో నాకొక అక్వేరియం షాపు ఉండేది. రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన మా నాన్న, నేను ఈ వ్యాపారం పెడతానంటే నెత్తి కొట్టుకున్నాడు. "బెంగాలోళ్ల ఊర్లో తినే సేపలమ్మరా అంటే, సూసే సేపలమ్ముతానంటావేటి?" అన్నాడు. నేను వినలేదు. మొండితనంలో నేను ఆయన కొడుకునే.

ఒకరోజు పైడమ్మత్త షాపుకొచ్చింది. ఆవిడ భర్త సింహాచలం మావ గ్యాంగ్‌మేట్‌గా, అంటే పట్టాలు బాగుచేసే ముఠాకి మేస్త్రీగా పనిచేసి రిటైరయ్యాడు. ఖరిదాలో లైనుకి దగ్గరగా ఉంటారు. మాది, వాళ్లది విజయనగరం వైపు పక్కపక్క ఊళ్లు, అందుకే ఈ వరసలు.

"మీ మావకి సెవులు ఇనపడ్డం లేదు బాబూ. అయినా పొద్దున లేస్తే లైనుకాడికెల్లి కూకుంటాడు. మొన్న ఎనకనించి ఇంజనొస్తే ఎవరో రెక్కట్టుకుని లాగినారంట. ఇంకోసారి లాగీవోళ్లు లేకపోతే నా బతుకేటి?" అంది. కళ్లు తుడుచుకుని, "మీ షాపు ముందు సేపల్ని సూస్తా నిలబడిపోతాడు గదా. ఇంట్లో పెడితే కదలడేమో" అని అడిగింది.

నాకు భయమేసింది. ఒక మనిషి ప్రాణం నా చేపల మీద పెట్టి వెళ్లిందావిడ.

నేను వాళ్లింటికెళ్లి అడిగితే మావ సరేనన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. నా షాపు తొట్టెల్లో అందానికి పెట్టే చెక్కముక్కలు ఆయన చూసినవే. వాకిట్లో పడున్న పాత స్లీపరు చెక్క చూపించి, "తొట్టిలో ఇది ఉండాల" అన్నాడు. పట్టాల కింద అడ్డంగా వేసే దుంగలే స్లీపర్లు. సిమెంటువి వచ్చాక చెక్కవి తీసేసి వేలం వేస్తే, మావ తన సెక్షన్‌లోది తెచ్చుకున్నాడు. మా ఊరి రైల్వేవాళ్లకి అదొక పిచ్చి. బెంచీ కావాలన్నా, పశువుల పాక గుంజ కావాలన్నా స్లీపరే. అలాంటి ఇంట్లో, చేపల తొట్టెలో చెక్క పెట్టాలంటే ఇంకేం గుర్తొస్తుంది?

చూడ్డానికి చాలా బాగుంది. ఎండకీ వానకీ నెరిసి, గీతలు తేలి ఉంది. కానీ స్లీపర్లకి క్రియోజోట్ పట్టిస్తారు. అది తారులోంచి తీసే నూనె. అది నీళ్లలోకి దిగితే చేపలు బతకవు. ఆ మాట చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా మావ నమ్మలేదు. "ఎన్ని బళ్లు మోసిన సెక్కరా ఇది! సేపపిల్లని సంపుతాదా?" అని కసిరాడు.

వాదించి లాభం లేదని చిన్న ముక్క కోయించి, బకెట్లో వేసి మరిగిన నీళ్లు పోశాను. కాసేపటికి నీళ్ల మీద రంగురంగుల నూనె తెట్టు కట్టింది. ఘాటు వాసన. మావ వంగి చాలాసేపు చూశాడు.

"పురుగట్టకుండా గదా ఈ నూనెట్టింది" అన్నాడు చివరికి. "పురుగుని సంపీది సేపని ఒగ్గేత్తాదేటి!" అని లోపలికెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. గెలిచినందుకు నాకేమీ సంతోషం కలగలేదు.

మర్నాడు బతిమాలి కంసాయి నది ఒడ్డుకి తీసుకెళ్లాను. మాకు కావలసిన డ్రిఫ్ట్‌వుడ్ అక్కడే దొరుకుతుంది. ఏట్లో కొట్టుకొచ్చి, బెరడూ మెత్తటి భాగమూ పోయి చేవ మాత్రం మిగిలిన చెక్కనే అలా అంటారు. గోరు దిగితే పనికిరాదు, పచ్చిదైతే నీళ్లు కుళ్లిపోతాయి. నేను గోరుతో గిచ్చి చూస్తుంటే మావ చిన్న సుత్తి తీశాడు. ఒక మొద్దుకి ఒక చివర అరచెయ్యి ఆనించి, రెండో చివర కొట్టాడు. "డొల్ల" అని విసిరేశాడు. స్లీపరు పుచ్చిందో లేదో గ్యాంగువాళ్లు అలాగే కొట్టి, మోత విని చెబుతారు.

"మోత వినపడదు కదా మావా, ఎలా తెలుస్తోంది?" అని చెవిలో అరిచాను.

"సెయ్యి ఉంది గదేటి" అన్నాడు.

చెయ్యి చాలు అనుకున్న మనిషి లైను దగ్గరికి ఎందుకెళ్తాడు? అదే అడిగాను. ఏటివైపు చూస్తూ మెల్లగా చెప్పాడు.

"ఇంటికాడ బళ్లు ఇనపడ్డం మానేసినాయి బాబూ. ముందు పేసింజరు, తరవాత మెయిలు, ఇప్పుడు గూడ్సు కూడా లేదు. ఇల్లు బావురుమంటంది. దగ్గరికెల్తే ఇనపడతాదని ఎల్తన్నాను. రోజురోజుకీ ఇంకా దగ్గరికెల్లాల్సి వస్తంది."

పైడమ్మత్తకి ఈ సంగతి తెలియదు. ఆయనకి పొద్దుపోక వెళ్తున్నాడనే మేమంతా అనుకున్నాం.

మావ ఏరిన వేరుమొద్దుని బ్రష్‌తో రుద్ది, పెద్ద డేక్సాలో ఉడకబెట్టాం. నీళ్లు పాలు లేని టీలా ఎర్రబడ్డాయి. అది టానిన్, చెక్కలోని వగరు. చేపలకి దానితో ప్రమాదం లేదు, నీళ్ల రంగు చూసి కొన్నవాళ్లు పోట్లాటకొస్తారంతే. తర్వాత మావ ఇంటి నీళ్ల తొట్టిలో నానేశాం. రోజూ నీళ్లు మార్చాలి. తేలడం మానేసి తనంతట తను మునిగిననాడు చెక్క తయారైనట్టు. అన్నాళ్లూ మావ ఆ నీళ్లు పారబోసి మరీ లైనుకి వెళ్లొచ్చేవాడు. పైడమ్మత్త నన్ను చూసి నిట్టూర్చేది.

మొద్దు మునిగిన రోజున అక్వేరియం తీసుకెళ్లాను. ఇనప స్టాండు షాపులోనే వదిలేశాను. మావ స్లీపరుని రెండు ముక్కలు కోయించి, లైనువైపు వరండాలో నేల మీదే పక్కపక్కన పరిచి, పైన అద్దం పగలకుండా థర్మోకోల్ షీటు వేసి, దాని మీద తొట్టెని నిలబెట్టాను. నీళ్లు నింపాక అది ఎంత బరువుంటుందో మోసిన నా నడుముకే తెలుసు. ఇన్నాళ్లకి స్లీపరుకి మళ్లీ పని దొరికింది.

చేపల్ని వదిలాం. మావ పక్కనే పీట మీద కూర్చుని, బయటికి పొడుచుకొచ్చిన స్లీపరు చివర మీద అలవాటుగా చెయ్యి వేశాడు. కాసేపటికి నీళ్ల పైన సన్నటి వణుకు పుట్టింది. అక్కడ రైలొస్తే నేల అదురుతుంది, మాకది అలవాటై పట్టించుకోం. మావ కళ్లు మూసుకున్నాడు.

"గూడ్సు" అన్నాడు. "లోడు బండి."

పైడమ్మత్త గుమ్మంలోంచి తొంగి చూసింది. బొగ్గు వ్యాగన్లు వెళ్తున్నాయి. ఆవిడ అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. నేనైతే సిగ్గుపడకుండా ఏడ్చాను.

ఆ తర్వాత షాపుకి ఎవరు ఏ పనికిరాని వస్తువు తెచ్చి తొట్టెలో పెట్టమన్నా, కుదరదని చెప్పేముందు కూర్చోబెట్టి ఎందుకని అడగడం నేర్చుకున్నాను. లోపల చోటు లేనివాటికి ఒక్కోసారి కింద చోటుంటుంది.

తొట్టె పెట్టిన మర్నాడు పొద్దున్నే పైడమ్మత్త షాపుకొచ్చింది. ఏమైందోనని లేచి నిలబడ్డాను.

"మీ మావ పిలస్తన్నాడు" అంది నవ్వుతూ. "సెక్క ఇంకా అదర్లేదంట, మెయిలు లేటంట. టేసన్లో కనుక్కుని రమ్మన్నాడు."