ఒడిబియ్యంతో జహీరాబాద్ రోడ్డు మీద

మా తల్లిగారి ఊరు న్యాల్‌కల్ అవతల. అక్కడి నుంచి సంగారెడ్డిలో మా ఇంటికి రావాలంటే జహీరాబాద్ మీదుగానే రావాలి. మొన్న వేసవిలో ఒడిబియ్యం పోయించుకుని వస్తుంటే, సరిగ్గా జహీరాబాద్ దాటబోతుండగా మా కారు ఆగిపోయింది.

మా వైపు పెళ్లయిన ఆడబిడ్డకు తల్లిగారింట్లో కొన్నేళ్లకొకసారి ఒడి నింపుతారు. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవిక ముక్క కొత్త తువ్వాలలో పోసి, మూట కట్టి, కొంగుతో నడుముకు బిగిస్తారు. మొగుడు చల్లగా ఉండాలని, ఇల్లు నిండుగా ఉండాలని. అందరి ఇళ్లలో ఎలా ఉంటుందో కానీ మా ఇంటి పద్ధతి మాత్రం గట్టిది. ఆ మూటను అత్తగారింటి దేవుడి ముందే దించాలి. దారిలో నేల మీద పెట్టకూడదు, సీటు మీద పెట్టకూడదు. ఇంకొకరి గడప తొక్కకూడదు. మూట ఒడిలో ఉండగా చెంబు పట్టుకుని పోకూడదు. అంతగా తప్పకపోతే మరో ముత్తైదువ ఒడిలోకి మార్చి పోవాలి. పొద్దున బయలుదేరితే అన్నం వేళకు ఇల్లు చేరతాం కదా, అంత అవసరం ఎప్పుడూ రాలేదు.

కారు నడుపుతున్నది మా ఆయన. ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యాక ఆ పాత కారు కొన్నాడు. మనుషుల మీద ఎన్నడూ చూపించని ప్రేమ దాని మీద చూపిస్తాడు. వెనక సీట్లో నా పక్కన మా అక్క. ఆమెను సదాశివపేటలో దింపి మేం ముందుకు పోవాలి.

బావ పోయి రెండేళ్లు. అంతకు ముందు తమ్ముడు మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒడి నింపేవాడు. ఈసారి పీటల మీద మా ఆయనా నేనే. బియ్యం పోస్తున్నంత సేపూ అక్క వెనక కొట్టంలో ఉండిపోయింది. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు. అంతా అయ్యాక తనే మజ్జిగ తెచ్చి నాకు పెద్ద గ్లాసుతో ఇచ్చింది. ఇంకో గ్లాసు కూడా తాగాను. ఎండ అలా ఉంది.

మొదట కారులో ఏదో మాడిన వాసన వచ్చింది. తర్వాత బానెట్ కింద నుంచి తెల్లగా పొగలాంటిది లేచింది. మా ఆయన పక్కకు తీసి ఆపాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"ఏంగాలే. జర వేడెక్కింది. చల్లవడితె అదే పోతది."

"వేడెక్కితె పొగ వస్తదా?" అంది అక్క.

"పొగ గాదు వదినె, ఆవిరి."

"ఆవిరైతె ఎసరు వచ్చినట్టే. బియ్యం చెల్లి ఒళ్లెనె ఉన్నయి, పొయ్యన్నా?"

మా ఆయనకు ఆ మాట నచ్చలేదు. కారు గురించి హాస్యమాడితే ఆయనకు నచ్చదు. నడుచుకుంటూ పోయి దగ్గర్లోని షెడ్డు నుంచి ఒక మెకానిక్‌ను తీసుకొచ్చాడు. అతను బానెట్ ఎత్తి, వేలితో ఒక నల్లటి గొట్టం చూపించాడు.

"నీళ్ల పైపు పలిగింది పెద్దాయనా. గీ బండికి సరిపోయేది నా దగ్గర లేదు. బస్టాండు దిక్కు దుకాండ్లల్ల దొర్కుతది. మీరు గూడ రాన్రి, నేనొక్కన్నే తెస్తె తర్వాత గిది గాదు గది గాదంటరు."

"ఆడోళ్లున్నరు గదా," అన్నాడు మా ఆయన.

"బొంబాయి రోడ్డు మీద పట్టపగలు ఏమైతది? ఫికర్ జెయ్యకున్రి."

ఆయన మెకానిక్ బండి వెనక ఎక్కి పోయాడు. అప్పటికే నాకు కడుపు కింద కొంచెం బరువుగా ఉంది. కానీ కొత్త మనిషి ముందు ఆ మాట ఎట్లా చెప్పను?

మేం ఆగిన చోట ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క ఏదో కంపెనీ ప్రహరీ గోడ, గోడ అయిపోయిన చోట మురికి కాలువ, కాలువ అవతల ఒక రేకుల ఇల్లు. చెట్టు లేదు, చాటు లేదు. అద్దాలన్నీ దించినా లోపలికి వచ్చేది వడగాలి, లారీల పొగ. తలుపు తీసి కాలు బయట పెట్టి కూర్చుందామంటే లారీ పోయినప్పుడల్లా కారంతా ఊగేది. కింద దిగి నిలబడదామంటే ఆ బరువుతో నడుము నిలవదు. రెండు చేతులూ మూట కిందే ఉన్నాయి. చెమట తుడుచుకోవడానికి కూడా అక్కనే అడగాల్సి వచ్చింది.

ధ్యాస మళ్లించుకోవడానికి కనిపించిన అక్షరమల్లా చదివాను. నాకు చదువు వచ్చింది నలభై దాటాక, మా వాడలో ఆడవాళ్లకు సాయంత్రం బడి పెట్టినప్పుడు. అప్పటి నుంచి కళ్ల ముందున్న రాత చదవకుండా ఉండలేను. గోడ మీది సిమెంటు ప్రకటన చదివాను. గోడ మీద మూత్రం పోయరాదని రాసింది చదివి, చదవకుండా ఉంటే బాగుండేదనుకున్నాను. లారీల వెనక కన్నడం రాతలు పోతున్నాయి. చూడటానికి మన అక్షరాల్లాగే ఉంటాయి. కూడబలుక్కుంటే సగం పలుకుతాయి, అర్థం మాత్రం చేతికి రాదు. కాసేపు వాటితో కుస్తీ పట్టాను. కానీ షుగర్ ఉన్న ఒళ్లు ఎంతసేపు మాట వింటుంది?

"అక్కా," అన్నాను.

నా మొహం చూసి అక్కకు అర్థమైంది. "శాన ఉన్నదా?"

"మస్తుగుంది. నీ మజ్జిగ పుణ్యమే."

"రెండో గ్లాసు నువ్వే అడిగినవ్. ఓపుకో."

"ఇప్పటిదాంక ఓపుకున్న. ఇగ నాతోని గాదు."

అక్క రోడ్డుకేసి చూసింది, మా ఆయన ఇంకా రాలేదు. కాలు మీద కాలు వేసి, పళ్లు బిగించి కూర్చున్నాను. నాకు భయం ఒక్కటే. ఈ వయసులో, ఈ సీట్లో, తమ్ముడు పోసిన బియ్యం ఒడిలో ఉండగా అలాంటిది జరిగితే ఆ బియ్యం ఇంక దేవుడి ముందు పెట్టడానికి పనికిరావు.

"నువ్వు జర పట్టుకోరాదే అక్కా," అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

అక్క వెంటనే కిటికీ వైపు జరిగింది.

"నీకు బుద్ధి ఉన్నదా? నేను ముట్టేదా?"

"ఎవలు జూస్తున్నరు?"

"ఎవలు జూడకుంటె? ఆయన బండి మీద పోయిండు. రోడ్డు మీద గీ లారీలు జూడు. జర అటిటైతె, నా చెయ్యి పడ్డందుకే అయ్యిందంటరు. అందరి సంగతెందుకు, నువ్వే అంటవ్."

నేను అననని చెప్పాలి. చెప్పలేదు. ఆ మాట నిజమో కాదో నాకే తెలియలేదు.

రేకుల ఇంటి ముందు ఒకామె కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. తలుపు మీద సున్నంతో వేసిన శిలువ ఉంది. చాలాసేపటి నుంచి మమ్మల్ని చూస్తున్నట్టుంది. లేచి, కాలువ మీది బండ దాటి కారు దగ్గరికి వచ్చింది.

"గప్పటిసంది సూస్తున్న పెద్దమ్మా. బండ్ల ఉడికిపోతరు. మా ఇంట్లకు రాన్రి, జర నీడకు కూసుందురు."

"రాము బిడ్డా," అంది అక్క. "చెల్లెకు ఒడిబియ్యం పోసిన్రు. ఒకరి గడప తొక్కద్దు."

ఆమె నా మొహం చూసింది. తర్వాత నా కాళ్లు చూసింది.

"ఇంట్లకు వద్దంటె దొడ్లెకు రాన్రి. బాత్రూం దొడ్లెనే ఉన్నది. దొడ్డికి గడప లేదు, తడిక ఉన్నది. తడిక తొక్కద్దని యాడ లేదు గదా."

నాకు నవ్వు వచ్చింది. "నవ్వియ్యకు బిడ్డా, నవ్వితె ఆగదు," అన్నాను.

"మరి లెవ్వు."

"ఒళ్లె మూట ఉన్నది. ముత్తైదువ చేతికే ఇయ్యాలె."

"నాకియ్యి. నేను పట్టుకుంట." ఆమె చింతపండు చేతులను చీరకు తుడుచుకుంది. అక్క ఆమె నుదుటి వైపు చూడటం ఆమె గమనించింది. "మేం బొట్టు వెట్టుకోం పెద్దమ్మా. మొగడైతె ఉన్నడు. లోపట పండుకున్నడు. లేపి జూపియ్యాల్నా?"

"వద్దు బిడ్డా, పండనీయి," అన్నాను. ఇక ఆలోచించే స్థితి దాటిపోయింది. కొంగు ముడి విప్పబోయాను. మరదలు గట్టిగా వేసిన ముడి, చెమటకు ఇంకా బిగిసింది. గోళ్లతో లాగి విప్పి, మూటను రెండు చేతులతో లేపి, తలుపు వైపు తిప్పాను. ఆమె చేతులు చాచింది.

"ఆగు," అంది అక్క.

నేను ఆగాను.

"మా తమ్ముడు పోసిన బియ్యం. తొవ్వల ఎవల చేతులనో ఎందుకు వెడుతవ్? ఇటు తే."

"ఇందాక నేను అడిగితె నువ్వే గదా..."

"మాట్లాడకు. తే ఇటు. పో."

అక్క కొంగు సర్దుకుని, కాళ్లు దగ్గరికి చేర్చి, ఒడి పట్టింది. మూట పెట్టాను. పెట్టగానే దాని చుట్టూ రెండు చేతులు వేసి కళ్లు మూసుకుంది. ఆ ఇంటామె నా మోచెయ్యి పట్టుకుని బండ దాటించింది.

దొడ్లో ఉన్న కాసేపట్లో నాకు ఏ ఆలోచనా లేదు. కాళ్లు కడుక్కునేటప్పుడు వచ్చింది. ఆయన ఆ బండి మీద ఉన్నాడు. హెల్మెట్ కూడా లేదు. మెకానిక్ ఎట్లా నడుపుతాడో తెలియదు. ఏమన్నా అయితే అక్కను నేను ఏమంటాను? ఏమీ అనను. కానీ ఆమె మొహం చూడగలుగుతానా? తడిక దాటుతూ బస్టాండు వైపు రోడ్డు చూశాను.

తిరిగి వచ్చి కారులో కూర్చుని చేతులు చాచాను. "తే అక్కా."

అక్క ఇవ్వలేదు.

"ఉండనీ."

"చేతులు గుంజుతయి."

"గుంజనీ. ఆయన రానీ. నా ఒళ్లె ఉన్నప్పుడే రావాలె."

మొదట నాకు అర్థం కాలేదు. ఆమె చూపు బస్టాండు వైపు రోడ్డు మీదే ఉంది. వచ్చే ప్రతి బండినీ చూస్తోంది, కాదని తెలియగానే తర్వాతి బండి మీదికి చూపు పోతోంది. ఇప్పుడు మూట నాకు ఇచ్చేస్తే, ఆయన క్షేమంగా వచ్చినా అది తన చేతిలో ఉండగా వచ్చినట్టు కాదు. ఆమెకు అది కావాలి. బావ ఆస్పత్రిలో పోయినప్పుడు కూడా ఆమె ఇట్లాగే మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత చుట్టాలు ఆమె గురించి అన్న మాటలు నేను విన్నాను. అడ్డు చెప్పలేదు.

ఎండ కారు లోపలికి వచ్చి అక్క మోకాళ్ల మీద పడింది. ఆమె కదల్లేదు. నేను విసనకర్రలాగా ఒక అట్టముక్కతో విసిరాను. ఆ ఇంటామె చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను తాగలేదు, ఒక్కసారి చాలు. అక్క కూడా తాగలేదు, చేతులు ఖాళీ లేవు. నేను పట్టి తాగిస్తానంటే తల అడ్డంగా ఊపింది.

చాలాసేపటికి మెకానిక్ బండి కనిపించింది. వెనక మా ఆయన, మెడలో వేసుకున్న నల్లటి పైపుతో. అక్క ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

"వచ్చిండు," అంది. అంతే.

ఆయన దిగి కిటికీలోంచి తొంగి చూశాడు. అక్క ఒడిలో మూటను చూశాడు. నన్ను చూశాడు.

"దొడ్డికి పోయొచ్చిన," అన్నాను.

మెడలోని పైపు తీసి మెకానిక్ చేతికిచ్చాడు. "మా అమ్మకు చెప్పకున్రి," అన్నాడు. తర్వాత అక్కతో, "బరువైతలేదా వదినె?"

"ఏం బరువు. బియ్యమే గదా," అంది అక్క.

మా అత్తకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. ఆమె చదవదు కనుక ధైర్యంగా రాస్తున్నాను.

పైపు బిగించి, నీళ్లు పోసి, బండి స్టార్టయ్యేసరికి ఎండ వాలింది. బయలుదేరాక అయినా మూట ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. దారంతా ఆమె ఒడిలోనే ఉంది. గుంత వచ్చినప్పుడల్లా, "మెల్లగ నడుపయ్యా," అనేది. మా ఆయన మెల్లగానే నడిపాడు. ఆ మనిషి ఇంకొకరి మాట విని మెల్లగా నడపడం నేను ఎప్పుడూ చూడలేదు.

సదాశివపేటలో వాళ్ల సందు ముందు కారు ఆగింది. అక్క కోడలు ఇంట్లో ఉన్నట్టుంది, టీవీ చప్పుడు వస్తోంది. అక్క ఇంటి వైపు ఒకసారి చూసి, గబగబా మూటను నా ఒడిలో పెట్టి, నా కొంగు తనే ముడి వేసింది. మరదలి ముడి కన్నా గట్టిగా వేసింది.

ఒడి చేతులు మారినప్పుడు, ఇచ్చేవాళ్లు తీసుకునేవాళ్లకు బొట్టు పెట్టాలి. ఇందాక అక్కకు ఇచ్చేటప్పుడు ఆ తొందరలో నాకు అది గుర్తే లేదు. కుంకుమ పొట్లం మూట పైనే దోపి ఉంది. అక్క దాన్ని తీసి విప్పింది. వేలు ముంచింది. నేను నుదురు ముందుకు వంచాను.

అక్క చెయ్యి సగం దూరం వచ్చి ఆగింది. మా ఆయన ముందు అద్దంలోంచి చూస్తున్నాడేమోనని చూసింది. ఆయన చూడటం లేదు, స్టీరింగు తుడుస్తున్నాడు.

"పెట్టు అక్కా."

"గిది మాత్రం నాతోని గాదే," అంది. వేలికి అంటిన కుంకుమను మళ్లీ పొట్లంలోకే దులిపి నా చేతికిచ్చింది. "నువ్వే వెట్టుకో."

తను దిగే లోపలే పెట్టుకున్నాను. అద్దం లేదు, సరిగ్గా పడిందో లేదో తెలియదు. అక్క తలుపు వేసి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, నా నుదుటి మీద వంకర పోయిన బొట్టును కొంగు అంచుతో సరిచేసింది. తర్వాత లోపలికి పోయింది.