వంటగదికి వేసిన కొసరు

చిక్కడపల్లిలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. ఇప్పుడు స్పీకర్లూ టీవీలూ బిగించే పని చేస్తున్నా కొట్టు బుద్ధి పోలేదు. బేరం తెగేదాకా వదలను. కొసరు వేయక తప్పకపోతే అమ్ముడుపోని సరుకే వేస్తాను.

నారాయణగూడలో ఒక చర్చి పని కుదిరింది. కింద హాల్లో జరిగే ఆరాధన మేడమీదా, పసిపిల్లల తల్లులు కూర్చునే గదిలోనూ కనిపించాలి, వినిపించాలి. పాస్టర్ గారితో బేరం ముగిసేసరికి, టీ తెచ్చిన వంటక్క ఖాళీ గ్లాసులతో అక్కడే నిలబడిపోయింది.

“అన్నా, వంటింట్ల ఏం పెడ్తలెవ్వా?”

“వంటింట్లెందుకక్కా? పప్పు ఇంటదా పాటలు?”

“ఆదివారం నా బిడ్డ మొదటిసారి ఒక్కతే పాడతది. ఆ రోజే ప్రేమవిందు. ఇంతమందికి వండుకుంట పొయ్యి ఇడిసి ఎట్లొస్త?”

“బేరం అయిపోయిందక్కా.”

“అయితే కొసరెయ్యి! కొట్టోని కొడుకువంట గద.”

పాస్టర్ గారు పడీపడీ నవ్వారు. ఇక తప్పలేదు.

నా దగ్గర ఏళ్లుగా దుమ్ము తింటున్న పెట్టె ఒకటుంది. ఆఫీసుల్లో ఒక గదిలోంచి ఇంకో గదికి మాట్లాడుకోవడానికి చేసినది. దాన్నే పొయ్యి పక్క గోడకు బిగించి, “నీకోసం స్పెషల్‌గా తెప్పించిన” అన్నాను. పాట వినిపించిందా లేదా అన్నదే చూశాను. అందులో మైకు కూడా ఉందని, అదీ పనిచేస్తోందని చూడలేదు. ఊరికే ఇచ్చే సరుకును ఎవరు పరీక్షిస్తారు?

ఆదివారం ఆ పిల్ల మొదటి చరణం హాయిగా పాడింది. రెండోది మరిచిపోయింది. కీబోర్డు అదే ముక్క మళ్లీ మళ్లీ వాయిస్తోంది. మేడమీద టీవీలో కూడా ఆ పిల్ల పెదవులు వణకడం కనిపించిందట.

అప్పుడు అన్ని స్పీకర్లలో గరిటె చప్పుడు. వెనకే వంటక్క గొంతు: “అయ్యో, గదేం మర్చిపోతవ్ బిడ్డా!” అంటూ చరణం ఎత్తుకుంది.

హాలంతా నవ్వులు. పిల్ల కూడా ఫక్కున నవ్వి అందుకుంది. సౌండు చూసుకుంటూ వెనక కూర్చున్న నేను కంగారుగా వంటింటి మైకు ఆపే మీట నొక్కబోతే పాస్టర్ గారు వద్దని చెయ్యి ఊపారు. తల్లీకూతుళ్లతో పాటు మూడు గదులూ పాడాయి.

విందులో అక్క వడ్డిస్తూ అడిగింది. “మస్తు ఇనొచ్చింది అన్నా. గంతల అందరెందుకు నవ్విన్రు?”

చెప్పాను. కొంగుతో నోరు మూసుకుంది. “నా బిడ్డకు ఇనొచ్చిందా మరి?” అంది.

“ఇనొచ్చిందక్కా. నీ గొంతు ఇన్నంకనే అందుకుంది.”

గరిటెడు మాంసం నా ప్లేట్లో కుమ్మరించింది.

కొసరుగా ఇంకో ముక్క అడిగాను.