వాట్కిన్స్ వాళ్ళమ్మ, మా అమ్మ

నాలుగు నెలల కిందట మా మనవరాలు బడినుంచి ఒక పెద్ద అట్ట తెచ్చుకుని వంటగది బల్లమీద పరిచి, తాతా నీ హెల్ప్ కావాలి అన్నప్పుడు, ఈ వయసులో నాకు అంత కోపం రాగలదని నేను అనుకోలేదు. ఇక్కడ కెనడాలో, సర్రీలో ఐదో తరగతి చదివే పిల్ల. ఎవరి ఇంటిపేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, బొమ్మలతో సహా రాసుకు రమ్మని వాళ్ళ టీచరు చెప్పిందట. ఉదాహరణకని ఆవిడ ఇంగ్లీషువాళ్ళ ఇంటిపేర్ల కథ కూడా చెప్పింది. వెనకటికి ఇంగ్లండులో ఏ ఊళ్ళో చూసినా అందరూ రాబర్టులూ రిచర్డులూ వాల్టర్లేనట. ఇళ్ళల్లో అంతంత పేర్లు పెట్టి ఎవరు పిలుస్తారు గనక, రాబర్టుని హాబ్ అనీ, రిచర్డుని డిక్ అనీ, వాల్టర్ని వాట్ అనీ ముద్దుగా పిలుచుకునేవారు, ఆ ముద్దు కూడా చాలకపోతే మనం చిట్టి అనో కన్నా అనో తగిలించినట్టు వాళ్ళు చివర 'కిన్' అని తగిలించేవారు. తరవాత ఏ పన్నుల గుమాస్తానో వచ్చి దస్త్రంలో పేర్లు రాసుకున్నప్పుడు ఆ ముద్దుపేర్లే ఎక్కాయి, పిల్లలకీ పిల్లల పిల్లలకీ అవే ఇంటిపేర్లయి కూర్చున్నాయి. డిక్ కొడుకులు డిక్సన్లయ్యారు, హాబ్ వాళ్ళు హాప్‌కిన్స్ అయ్యారు, వాట్ వాళ్ళు వాట్కిన్స్ అయ్యారు.

ఆ చివరి పేరు వినగానే చేతిలో ఉన్న టీ కప్పు బల్లమీద పెట్టేశాను, పెట్టడమంటే కొట్టడమే, టీ ఒలికి అట్ట మూల తడిసింది. పిల్ల బెదిరి నా మొహంలోకి చూసింది. దానికేం తెలుసు పాపం, వాట్కిన్స్ అనే మనిషి కింద వాళ్ళ తాత పంతొమ్మిదేళ్ళు పనిచేశాడనీ, అన్నేళ్ళూ ఆ మనిషి చేత ఏమని పిలిపించుకున్నాడో.

అది చెప్పాలంటే ముందు నా పేరు సంగతి చెప్పాలి. నాకు బారసాలనాడు పెట్టిన పేరు వేరే ఉంది, మా తాతగారిది, బియ్యంలో రాశారు, అంతే, ఆ తరవాత దాన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు. అమ్మ నన్ను బుజ్జీ అని పిలిచేది. ఆ పిలుపుకి కూడా ఒక పద్ధతి ఉండేది. మొదటిసారి పిలిచినప్పుడు నేను పలికేవాణ్ణి కాదు, వినపడక కాదు, రెండోసారి పిలిస్తే చివర ఇంకాస్త సాగదీసి, కోపంలాంటిది కొంచెం, నవ్వులాంటిది కొంచెం కలిపి పిలిచేదని. ఆ రెండో పిలుపు కోసం అరుగు కింద నక్కి కూర్చునేవాణ్ణి. అన్నం చల్లారిపోతున్నా ఆవిడకీ ఆ ఆట విసుగు పుట్టేది కాదు.

బళ్ళో వేసిననాడు మాస్టారు పేరేమిటమ్మా అని అడిగితే, మగవాళ్ళతో మాట్లాడే అలవాటు లేని అమ్మ కంగారుపడి, నోటికి అలవాటైన మాటే చెప్పేసింది, బుజ్జండీ అని. రిజిస్టరులో ఒట్టి బుజ్జి అని రాస్తే బాగుండదనిపించి, కాస్త నిండుగా ఉంటుందని మాస్టారు పక్కన 'బాబు' చేర్చారు. ఇంగ్లీషువాళ్ళు కిన్ తగిలించినట్టే అన్నమాట. ఇంటిపేరుకి ఒక్క పొడి అక్షరం మిగిలింది. మన ఈడువాళ్ళలో ఇలా బళ్ళో పేరు మారిపోయినవాళ్ళు కోకొల్లలు, చిన్నబ్బాయిలూ పండుబాబులూ తాసిల్దార్లయి రిటైరయ్యారు, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. నాకూ నలభై రెండేళ్ళు వచ్చేదాకా రాలేదు.

కెనడాకి కాగితాలు పెట్టినప్పుడు, పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరని చెప్పి, మా టౌనులో ఆ కాగితాలు నింపే పెద్దమనిషి సర్‌నేమ్ అన్న గడిలో బుజ్జిబాబు అని రాసి, పేరు అన్న గడి ఖాళీగా వదిలేశాడు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను, నోరెత్తలేదు. చదువుకున్నవాణ్ణి, వద్దండీ, మా ఇంటిపేరు ఫలానా అని ఒక్క మాట అనడానికి ఏమైంది నాకు! ఆ ఇంటిపేరేమిటో ఇక్కడా రాయను, చెప్పగానే ఊరూ కులమూ ఆరా తీసేవాళ్ళు మనలో తక్కువేం లేరు. ఆ ఒక్క గడితో నా కొడుకు ఇంటిపేరు బుజ్జిబాబు అయింది. తొమ్మిదేళ్ళవాడు, వాంకూవర్లో విమానం దిగిన రోజునుంచీ మా అమ్మ నన్ను పిలిచిన పిలుపుని వీపుకి కట్టుకుని తిరిగాడు.

నాకు దొరికిన ఉద్యోగం తలుపులు చేసే ఫ్యాక్టరీలో. చెక్కపలకల మధ్య జిగురు పూసి ప్రెస్సులోకి తోసే పని. ఫోర్‌మన్ వాట్కిన్స్, మంచివాడనే చెప్పుకునేవారు, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. వారం తిరక్కుండానే ఒకనాడు భోజనాల గదిలో, నీ పేరుకి మీ భాషలో అర్థమేమిటని అడిగాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవలసింది పోయి, నేను హరిశ్చంద్రుడిలా చిన్నపిల్లల్ని పిలిచే మాట అని చెప్పాను. మర్నాడు మైకులో 'బేబీ టు లైన్ త్రీ, బేబీ టు లైన్ త్రీ' అని వినపడింది. షెడ్డు షెడ్డంతా నవ్వింది. నెరిసిన మీసంతో, జిగురంటిన చేతులతో నేను మూడో లైనుకి వెళ్ళాను. వెళ్ళాను, అదీ నా కోపం. ఆరోజు కదలకుండా నిలబడి ఉంటే ఆ పేరు అక్కడే ఆగేదేమో. పంతొమ్మిదేళ్ళు ఆగలేదు, రిటైరైననాడు కోయించిన కేకు మీద కూడా అదే రాయించారు.

ఇప్పుడు ఈ పసిపిల్ల అట్టమీద చూస్తే తెలిసిందేమిటి, ఆ వాట్కిన్స్ కూడా నాలాంటి బుజ్జిబాబేనని! ఎప్పటి తల్లో వాల్టర్ అనే తన పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని ఏదో గొణుక్కుంటే, ఆ గొణుగుడు పట్టుకుని ఈయన బ్యాడ్జీ మీద పెట్టుకుని తిరిగాడు. దాని అర్థం ఆయనకి తెలియదు, ఎవరూ అడగలేదు గనక తెలుసుకోవలసిన అవసరం రాలేదు. నన్ను మాత్రం అడిగారు. ఇది నాకు అప్పుడే తెలిసి ఉంటే ఆ భోజనాల గదిలోనే, అయ్యా, తమరి సంగతేమిటి అని ఉండేవాణ్ణి కదా అని, మనవరాలి ముందు ఆ పూటంతా నాలో నేను పళ్ళు నూరుకున్నాను.

ఆ ఫ్యాక్టరీలోనే నాకంటే ఇరవయ్యేళ్ళు ముందు చేరినవాడు ఒకాయన ఉండేవాడు. ఫిజీనుంచి వచ్చినవాడు, వాళ్ళ పెద్దలు చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళు. ఆయన్ని నేను అన్నయ్య అనేవాణ్ణి. సగం హిందీ, పాతిక ఇంగ్లీషు కలిసిన తెలుగు, అదీ తడుముకుంటూ మాట్లాడేవాడు. ఆయన ఇంటిపేరు చిన్నోడు. నవ్వకండి, ఓడెక్కేటప్పుడు గుమాస్తా పేరడిగితే, అన్నదమ్ములిద్దరిలో చిన్నవాడైన ఆయన ముత్తాత ఇంట్లో పిలిచే మాటే చెప్పాడు, అదే దస్త్రంలో ఎక్కింది. గుబురు మీసాల అన్నదమ్ముల పిల్లలూ, ట్రక్కులు నడిపే కొడుకులూ, అందరూ చిన్నోళ్ళే. వాళ్ళలో ఆ మాటకి అర్థం తెలిసినవాడు అన్నయ్య ఒక్కడే.

నేను ప్రతి ఏడూ ఏదో ఒక ఆఫీసుకి వెళ్ళి దెబ్బలాడి వస్తూండేవాణ్ణి. పేరు మార్చుకుంటావా, అయితే ఈ ఫారం నింపు అనేవారు. మార్చడం కాదు, దిద్దడం కావాలి, తప్పు మీదని రాయండి అని నేను. దిద్దాలంటే అసలు పేరున్న కాగితం తెమ్మనేవారు. బారసాల బియ్యం ఎక్కణ్ణుంచి తెచ్చేది? అలా వెళ్ళి వచ్చినప్పుడల్లా ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాణ్ణి, ఇదీ ఒక పేరేనా, పరువు తక్కువ అని. ఒకసారి ఫ్యాక్టరీలో అన్నయ్య ముందు కూడా అదే పాట పాడితే, ఆయన చేస్తున్న పని ఆపి నా దగ్గరికి వచ్చాడు.

"తియ్యకు తమ్ముడూ, ఆ పేరు తియ్యకు," అన్నాడు. "మా ఇంట్లో తెలుగంతా పోయింది. ఆ ఒక్క మాటే మిగిలింది."

మీరంటే దస్త్రాల్లో పడి కొట్టుకుపోయారు, నాకా ఖర్మ లేదు అన్నాను. ఆ మాట నేనే అన్నాను, నలుగురిలో అన్నాను. ఆయన వెళ్ళి మళ్ళీ రంపం దగ్గర నిలబడ్డాడు. రెండేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు ఫ్యూనరల్ హోముకి వెళ్ళాను. గుమ్మం పక్కన బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నోడు అని ఉంది. హాలు నిండా జనం, కొడుకులూ కోడళ్ళూ మనవలూ. ఎనభై దాటిన మనిషి పెట్టెలో పడుకుని ఉంటే, ఆ బోర్డు మీద రాసిందేమిటో అంతమందిలో నాకొక్కడికే తెలుసు. అక్కడ నిలబడలేక బయటికి వచ్చి వానలో తడిశాను.

ఇక నా కొడుకు. ఇళ్ళు అమ్మిపెట్టే పని వాడిది, సర్రీలో ఏ వీధిలోకి వెళ్ళినా ఏదో ఒక ఇంటి ముందు వాడి ఫొటోతో బోర్డు ఉంటుంది, కింద బుజ్జిబాబు అని లావుపాటి అక్షరాలు. తెల్లవాళ్ళకీ పంజాబీవాళ్ళకీ అది ఒట్టి పేరు. నవ్వేదల్లా మనవాళ్ళే. కొత్తగా వచ్చి ఇల్లు కొనుక్కునే తెలుగు కుర్రాళ్ళు ఫోను చేసి, బుజ్జిగారా అండీ అని కిసుక్కుమంటారట. అనండి, నవ్వండి, మీ అమ్మలు మిమ్మల్నేమని పిలుస్తారో నేనూ అడగగలను. వాడు మాత్రం విసిగిపోయాడు. అట్టమీద టీ ఒలికిన వారంలోనే పేరు మార్చుకునే ఫారాలు పట్టుకొచ్చాడు, తనకొకటి, కూతురికొకటి, నాకొకటి. సర్‌నేమ్ అన్న చోట మా అసలు ఇంటిపేరు, నేను పాతికేళ్ళు గొంతు చించుకున్న ఇంటిపేరు, అచ్చుతప్పు లేకుండా కొట్టి ఉంది.

నాకు సంతోషం కలగాలి. ఒళ్ళు మండిపోయింది. అడిగేవాళ్ళు లేరనుకున్నావా, నన్నొక్క మాట అడిగావా అని అరిచాను. వాడు ఎంతో నెమ్మదిగా అన్నాడు.

"నాన్నా, అది మన సర్‌నేమ్ కాదని ట్వంటీ ఫైవ్ ఇయర్స్ నుంచి నువ్వే కదా చెప్తున్నావు. ఇప్పుడు నేను ఫిక్స్ చేస్తుంటే కోపమెందుకు?"

వాడి చిన్నప్పుడు బళ్ళో వాణ్ణి ఎవరూ వెక్కిరించలేదు. ఆ పేరు సిగ్గుపడవలసిన పేరని వాడికి ఇంట్లో నేర్పినవాణ్ణి నేను. వాట్కిన్స్ మైకులో పిలిచినదానికంటే గట్టిగా, ఎక్కువసార్లు, నేనే నేర్పాను.

మనవరాలు మూల తడిసిన అట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా వింది. సోమవారం బడికి ఇవ్వాలి దానికి. ఏ పేరు రాయాలో తేలలేదు. 'హూ కాల్డ్ యూ దట్ ఫస్ట్, తాతా?' అని అడిగింది. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను, అరుగు సంగతీ, చల్లారిపోయే అన్నం సంగతీ, బళ్ళో అమ్మ కంగారు సంగతీ. పిల్ల ఇంగ్లీషులో రాసుకుంది, అమ్మకి గౌను లాంటి చీర కట్టి బొమ్మ వేసింది. వాళ్ళ టీచరుకి నచ్చి గోడకి పెట్టిందట. ఆ అట్ట గోడమీద ఉండగానే వాళ్ళిద్దరి కాగితాలూ మారి వచ్చేశాయి. వీధుల్లో బోర్డులు కూడా ఒక్కొక్కటే మారుతున్నాయి. నా ఫారం మీద నేను సంతకం పెట్టలేదు, డ్రాయరులో పడేశాను. వాడు మళ్ళీ అడగలేదు.

కోపం మాత్రం తగ్గలేదు, ఎవరిమీదో తేలకపోవడమే దీనిలో బాధ. వాట్కిన్స్ వాళ్ళమ్మ గొణిగిన మాట వందల ఏళ్ళు దాటి, సముద్రం దాటి వచ్చి నామీద ఫోర్‌మన్‌గిరీ చేసింది. మా అమ్మ పిలిచిన మాట మూడు తరాలు కూడా నిండకుండా నా చేతుల మీదుగానే వెనక్కి వచ్చేసింది. ఆ పేరుతో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను, ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళూ ఎవరూ లేరు, మందుల షాపులో కౌంటరు దగ్గరి అమ్మాయి తప్ప. నెలకోసారి బీపీ మాత్రల కోసం వెళ్ళి కుర్చీలో కూర్చుంటాను. మిస్టర్ బుజ్జిబాబు అని పిలుస్తుంది. వినపడుతుంది, అయినా లేవను. రెండోసారి పిలుస్తుంది.