బొట్టు పెట్టిన ఫ్లాపీలు

విజయదశమి రోజు, పొద్దున తొమ్మిది గంటలా అయిదు నిమిషాలకు జరిగింది ఇది. గడియతో సహా గుర్తుండేదానికి కారణం మా మరిది. వారం ముందునుంచీ "తొమ్మిదీ అయిదుకు కంప్యూటర్ కన్ను తెరవాలి వదినా" అని ఒకటే పోరు పెట్టినాడు.

మా నూనె అంగడి మేడ మీద ఆయన కంప్యూటర్ క్లాసులు పెట్టబోయినాడు. ఎనభైల నడిమిట్లో పుదుచ్చేరి బజారులో అదొక వింత. ఒకే పెట్టె, దానికి తగిలించిన నాలుగు తెరలు. దాన్ని నడిపేది యునిక్స్ అంట. ఆ పేరు పలికేటప్పుడు మరిది కళ్ళు మూసుకునేవాడు, ఏదో మంత్రం మాదిరి.

నా కూతురు ఆ క్లాసులో పాఠం చెప్పాలని ఆశపడింది. మా ఆయన ఒక షరతు పెట్టినాడు: "పండగ రోజు క్లాసు మొదలైతే పో. లేకుంటే కింద గల్లాలో కూర్చో. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు."

ముందురోజు ఆయుధపూజ. కంప్యూటర్ బిగించేదానికి మద్రాసు ఇంజనీరు పొద్దున్నే వచ్చి, యునిక్స్ ఉండే అసలు ఫ్లాపీలు చూసి, నకలుగా ఇంకొక జత చేసినాడు. అందులో మొదటిదే ముఖ్యమన్నాడు. పెట్టె లోపల ఏమీ లేనప్పుడు ఆ మొదటిది పెడితేనే అది లేస్తుంది; లేచినాక తక్కినవాటిని ఒక్కొక్కటే అడిగి ఎక్కించుకుంటుంది. "రెండు జతలూ ఒకే చోట పెట్టొద్దు సార్" అన్నాడు.

పెట్టెలో యునిక్స్ అప్పటికే నడుస్తా ఉండింది. మరిదికి అది చాల్లేదు.

"తుడిచెయ్యండి. రేపు ముహూర్తానికి అందరి ముందరా కొత్తగా ఎక్కించాల."

"బాగా నడుస్తా ఉంది గదా సార్?"

"మంచి గడియలో ఎక్కిందే నిలుస్తుంది."

ఇంజనీరు తుడిచేసి లాడ్జికి పోయినాడు. కాదని చెప్పే వెన్నెముక ఆయనకూ లేదు.

సాయంత్రం పూజలో తక్కెడ, గరాటు, తాళంచెవులు, వాటి పక్కన రెండు జతల ఫ్లాపీలు. ఫ్లాపీకి నల్ల అట్ట, అందులో చిన్న కిటికీ, లోపలి గోధుమరంగు బిళ్ళ కొంచెం బయటికి కనపడుతుంది. సరిగ్గా ఆడనే మరిది తడిగంధం పెట్టి, దానిమీద కుంకుమ అద్దినాడు.

"చిన్నాయనా, ఆడ వేలు కూడా పెట్టకూడదు!" అనింది నా కూతురు.

"నొసటి మీదే గదమ్మా బొట్టు పెట్టేది" అన్నాడు, ఇంట్లో అందరికంటే పెద్ద చదువు చదివిన మహానుభావుడు.

పిల్ల తుడవబోతే మా అత్త చెయ్యి పట్టుకునింది. పూజలో పెట్టింది కత్తెరయినా, పుస్తకమయినా మరుసటి పొద్దున మళ్ళీ హారతి ఇచ్చేదాకా ముట్టకూడదు. "తుడవనీండి" అన్నా నేను. "అక్షరం ముక్క రాదు, నీకెందుకు?" అన్నాడు మా ఆయన.

పొద్దున హారతి అయినాక ఇంజనీరు మొదటి ఫ్లాపీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఏంది సార్ ఇది?"

"బొట్టు."

"ఎన్నింటికి పెట్టినారు?"

"అన్నింటికీ. అసలువాటికి రెండేసి."

ఇంజనీరు చేతిరుమాలుతో తుడిచి లోపలికి తోసినాడు. టెంకాయ తురిమినట్టు గరగరమనింది. తెర నల్లగానే ఉండింది. రెండో జతలోది పెట్టినాడు, అదీ అంతే. ముందు దాని గంధం లోపల చదివే ముల్లుకు అంటుకుని ఉండింది గదా.

మా అత్త "దిష్టి" అనింది. మరిది "మద్రాసు సరుకు నాసిరకం" అన్నాడు, ముఖాన సిగ్గు చుక్కయినా లేకుండా. బిడ్డలను చేర్పించేదానికి వచ్చిన మొగుడూపెళ్ళాలు పూజకు చేసిన శనగల సుండల్ తినేసి దిగిపోయినారు.

మా ఆయన కూతురి పక్కకు తిరిగి "గల్లా తాళాలు తీసుకో" అన్నాడు. పిల్ల తీసుకుని మెట్లు దిగింది.

తర్వాత కొత్త ఫ్లాపీలు వచ్చినాయి, క్లాసులూ నడిచినాయి. పాఠం చెప్పింది మరిది స్నేహితుడి తమ్ముడు. బేరం లేని మధ్యాహ్నాలు ఆ గల్లా దగ్గరే నా కూతురు నాకు పలక పెట్టి తెలుగు అక్షరాలు దిద్దించింది. దానికి దొరికిన విద్యార్థి నేనొక్కదాన్నే.

ఆ అక్షరాలతోనే రాస్తా ఉన్నా, "ఆ పొద్దు నేను ఆడ లేను" అని రేపు ఎవరూ తప్పించుకోకుండా. ఆ పొద్దు మేడ మీద ఉండింది బొట్టు పెట్టిన మా మరిది, చెయ్యి పట్టుకున్న మా అత్త, యునిక్స్ తుడవమంటే తుడిచేసిన ఇంజనీరు, సుండల్ తిన్న మొగుడూపెళ్ళాలు, షరతు పెట్టిన మా ఆయన, నేను, నా కూతురు.