మడమ నొప్పి, నల్ల గ్రానైటు

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు ఉండేది. గోడ పట్టుకుని కాస్త కుంటితే సర్దుకునేది. హమ్మయ్య అనుకుని షాపుకు వెళితే, మధ్యాహ్నానికి మళ్లీ మొదలయ్యేది.

మాది జగ్గయ్యపేటలో బట్టల షాపు. మా మామగారి కాలంలో అందులో తెల్లదుప్పట్లు పరిచిన పరుపులుండేవి. కొనేవాళ్లూ, అమ్మేవాళ్లూ వాటి మీదే కూర్చునేవారు. చెప్పులు గుమ్మం బయట విప్పేవారు. మా ఆయన చేతికి వచ్చాక అది షోరూము అయింది. పరుపులు పోయి అద్దాల కౌంటర్లు, పాత గచ్చు పోయి నల్ల గ్రానైటు వచ్చాయి. ఆ గ్రానైటంటే ఆయనకు మహా మురిపెం. పొద్దున్నే తుడిపించి, వంగి అందులో తన మొహం చూసుకుంటారు. చెప్పుల ఆచారం మాత్రం పరుపులతో పాటు పోలేదు. లక్ష్మీదేవి తిరిగే చోటట. ఆవిడ ఎప్పుడు తిరుగుతుందో గాని, పొద్దస్తమానం వట్టి కాళ్లతో ఆ బండల మీద తిరిగేది నేనే. ఆయన గల్లాపెట్టె వెనక మెత్తటి కుర్చీలో కూర్చుని, కాళ్లు స్టూలు మీద పెట్టుకుని, లక్ష్మీదేవి కోసం ఎదురుచూస్తుంటారు.

నేను కుంటడం నలుగురి కంటా పడ్డాక ఆయన తేల్చేశారు. “నువ్వింక ఇంట్లో రెస్టు తీసుకో. కౌంటర్లోకి ఎవరినన్నా పెడతా.”

ఎంత దయగా అన్నారో! నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆ కౌంటరు నాది. పెళ్లికూతురి తల్లి గుమ్మంలో అడుగు పెట్టగానే ఏ చీర తీయాలో, ఏది తీయకూడదో నాకు తెలుస్తుంది. ఇంట్లో కూర్చుని టీవీలో వంటలు చూసే ఓపిక నాకు లేదు. మడమ సంగతి తేల్చుకోకపోతే నా చోటు పోతుంది. అందుకని దొరికిన ప్రతి వైద్యమూ చేసి చూశాను.

మొదటి వైద్యురాలు వత్సవాయిలో ఉండే మా ఆడపడుచు. కబురు తెలియగానే సంచీ నిండా జిల్లేడాకులు కోసుకుని వచ్చింది. “ఇటుక బాగా కాల్చి, దాని మీద ఆకులేసి మడమ అదిమిపెట్టు వదినా. నొప్పి ఎగిరిపోద్ది” అంది. ఆకు మీద మడమ ఉన్నంతసేపూ ప్రాణానికి ఎంత హాయో చెప్పలేను. తీయగానే నొప్పి తన మానాన తను ఉంది. మూడోసారి ఇటుక ఎక్కువ కాలి బొబ్బ లేచింది. అప్పట్నుంచి పైన ఒక నొప్పి, లోపల ఒక నొప్పి. “నువ్వు తొందరపడ్డావు” అంది ఆడపడుచు.

బొబ్బ మానాక నందిగామలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఎక్స్‌రే తీయించారు. మడమ దగ్గర చిన్న ముల్లులాగా ఎముక పెరిగింది గాని, నొప్పి దానివల్ల కాదని, అరికాలి కింద పట్టీలాంటిది వాచిందని చెప్పారు. ఆ రెండో ముక్క ఎవరికి కావాలి? మా ఆయన ఆ ఎక్స్‌రేను ట్యూబులైటుకు ఎదురుగా పట్టి, చీరలు కొనడానికొచ్చిన వాళ్లందరికీ నా ఎముక చూపించారు. ఎవరి నోట విన్నా ఒకటే మాట, “కాస్త ఒళ్లు తగ్గించుకోండమ్మా.” మా ఆయన కూడా తన బొజ్జ మీద చేయి వేసుకుని మరీ ఆ మాటే అన్నారు.

డాక్టరు మడమలో ఇంజెక్షను ఇచ్చారు. అది పొడిచినప్పుడు చుక్కలు కనిపించాయి. తర్వాత మాత్రం కొన్ని వారాలు రాజభోగం. నొప్పి లేని కాలంటే ఏమిటో మళ్లీ తెలిసింది. కౌంటరు వెనక చకచకా తిరిగాను. మనిషిని పెట్టే మాట ఆయన మర్చిపోయారు. అంతలో ఒకరోజు పొద్దున మంచం దిగేసరికి మేకు మళ్లీ పాత చోటే ఉంది.

ఫోనులో చూసి జెల్ ప్యాడ్లు తెప్పించాను. అవి చెప్పుల్లో పెట్టుకునేవి. చెప్పులతో పాటు షాపు బయట స్టాండులో అవి హాయిగా ఉండేవి. ఐసు కట్టిన నీళ్ల బాటిలు అరికాలి కింద దొర్లించమని ఒకరు చెప్పారు. ఆడపడుచు ఫోనులో లబలబలాడింది, “వేడి పెట్టాల్సిన చోట ఐసు పెడతారా ఎవరన్నా!” కొన్నాళ్లు పొద్దున్న వేడి, రాత్రి ఐసు పెట్టి ఇద్దరి మాటా నిలబెట్టాను. మడమ ఎవరి మాటా వినలేదు.

మళ్లీ నందిగామ వెళ్లాను. ఈసారి డాక్టరు ఇంజెక్షను వద్దన్నారు. మంచం దిగకముందే తువ్వాలుతో పాదాన్ని వెనక్కి లాగమన్నారు. గోడకు చేతులు ఆన్చి పిక్కలు సాగదీయమన్నారు. మెత్తటి ఎంసీఆర్ చెప్పులు రాసి, “వట్టి కాలు నేలకి ఆనకూడదమ్మా. ఇంట్లో కూడా” అన్నారు. పిక్కలు సాగదీశాను. నిజం చెప్పాలంటే, అన్ని వైద్యాల్లోకీ కాస్త గుణం కనిపించింది దానితోనే. చెప్పులు కూడా కొన్నాను. ఇంటి గుమ్మం నుంచి షాపు గుమ్మం దాకా శ్రద్ధగా వేసుకున్నాను. మా ఇల్లు షాపు వెనక వీధిలోనే.

తర్వాతి సారి వెళ్లినప్పుడు ఆస్పత్రి హాలు నిండా జనం, కూర్చోడానికి చోటు లేదు. పొద్దుటి నుంచి పాలరాయి మీద వట్టి కాళ్లతో నిలబడి, నా వంతు వచ్చాక లోపలికి వెళ్లాను.

“చెప్పులు వాడుతున్నారా అమ్మా?”

“బయట విప్పి వచ్చానండీ. పాదరక్షలు బయట విడవాలని మీ బోర్డే ఉంది కదండీ.”

“ఇక్కడ రెండు నిమిషాలే కదమ్మా” అన్నారు. బల్ల కింద ఆయన బూట్లు తళతళలాడుతున్నాయి.

బయటికొచ్చి చూస్తే నా చెప్పులు లేవు. పక్కన కొత్త తోలు చెప్పులున్నాయి, వాటిని ఎవరూ ముట్టుకోలేదు. నా ఎంసీఆర్ చెప్పులే కావలసిన దొంగ కూడా నాలాంటి మడమ మనిషే అయి ఉండాలి. ఎండలో కాలిపోతున్న రోడ్డు మీద కాలుగాలిన పిల్లిలా గెంతుకుంటూ వెళ్లి ఇంకో జత కొన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, నొప్పికి కాదు, ఒళ్లుమంటకు. ఇక వీటిని విప్పితేగా పోయేది అనుకున్నాను. బస్సు దిగి తిన్నగా షాపుకు వెళ్లి, చెప్పులతోనే గుమ్మం దాటాను.

లోపల వీరులపాడు నుంచి వచ్చిన పెళ్లివారున్నారు. మా ఆయన కళ్లతోనే కేకలు పెట్టారు. నేను చూడనట్టే చీరలు విప్పాను. వాళ్లు వెళ్లాక షాపు దద్దరిల్లింది.

“బుద్ధుందా నీకు? లక్ష్మీదేవి తిరిగే చోట చెప్పులతో తొక్కుతావా? అంత నొప్పయితే ఇంట్లో కూర్చో. రేపే మనిషిని చూస్తా.”

“చూడండి. మనిషి దొరికేదాకా మీరు నిలబడండి. నేను చెప్పులు బయట విప్పి గల్లా దగ్గర కూర్చుంటా.”

ఆయన పౌరుషానికి పోయి సరేనన్నారు. శ్రావణమాసం ముందు పనికి మనిషి దొరకడం అంత తేలికా? నెలంతా ఆయనే నిలబడ్డారు. నాకు మెత్తటి కుర్చీ దొరికింది, స్టూలు దొరికింది, మడమకు సుఖం దొరికింది. మనసుకు మాత్రం ఊపిరాడలేదు. నలభైల్లో ఉన్న ఆవిడకు ఆయన చిలకపచ్చ తీసి చూపిస్తుంటే కుర్చీలోనే మెలికలు తిరిగిపోయేదాన్ని. కోదాడ వైపు నుంచి వచ్చిన ఒకామె నా దగ్గరికే వచ్చి అడిగేసింది, “అక్కా, నువ్వు చూపియ్యవా? గీ సారు చూపించినయే చూపిస్తుండు.”

వరలక్ష్మీవ్రతం అయిపోయాక ఒక పొద్దున, మంచం అవతలి వైపు నుంచి “అమ్మా!” అని కేక వినిపించింది. ఆ కేక నాకు బాగా తెలుసు. ఆయన గోడ పట్టుకుని, ఒక కాలు పైకెత్తి నిలబడి ఉన్నారు. నవ్వకూడదని తెలుసు. అయినా దుప్పటి నోట్లో కుక్కుకుని మరీ నవ్వాను.

ఆయన ఇటుక కాల్చమనలేదు. పార్సిలు విడిపించుకురావాలని చెప్పి నందిగామ వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చారు. కాళ్లకు ఎంసీఆర్ చెప్పులున్నాయి. గుమ్మం దగ్గర ఆగలేదు. ఆ చెప్పులతోనే గ్రానైటు మీద తపతపా నడుచుకుంటూ కౌంటర్లోకి వెళ్లారు. గుమ్మం బయట చెప్పులు విప్పి వచ్చిన ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

“చెప్పులతో వచ్చారేంటండీ లోపలికి?” ఒకావిడ ఉండబట్టలేక అడిగింది.

“ఇవి చెప్పులు కావండీ, ట్రీట్‌మెంటు” అన్నారు మా ఆయన గంభీరంగా. “డాక్టరుగారు రాశారు.”

నేను కుర్చీలోంచి లేచాను. గుమ్మం బయట స్టాండులో ఇన్నాళ్లుగా దుమ్ము కొట్టుకుపోతున్న నా ట్రీట్‌మెంటును తీసి దులిపాను. అందరూ చూస్తుండగా అక్కడే కాళ్లకు వేసుకుని, ఆ నల్ల గ్రానైటు మీదుగా నా కౌంటర్లోకి వెళ్లి, “కాస్త జరగండి” అన్నాను. ఆయన జరిగారు.