మూడు వాసనల సెంటు

మా పెద్ద వదిన, అంటే మా ఆయన అక్క, పోయిందని గత బుధవారం పొద్దున సూర్యాపేట దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. నేను కోదాడలో, మా వంటింట్లో, పప్పుకు పోపు పెట్టబోతున్నాను. స్టవ్ ఆపి కూర్చున్నాక ముందుగా వచ్చింది ఏడుపు కాదు, విసుగు. ఒక్క రోజు ఆగలేకపోయిందా అనుకున్నాను.

ఆమెతో నాకు మొదటినుంచీ విసుగే. మిర్యాలగూడలో టీచరుగా చేసి రిటైరైంది. కొన్నేళ్ల కిందట ఒక జ్వరం వచ్చి ఆమెకు వాసన తెలియకుండా పోయింది. కూరల రుచి పోయినందుకు ఏమీ అనలేదు గానీ, తన సెంటు తెలియనందుకు మాత్రం కుమిలిపోయింది. చిన్న నల్ల సీసా అది. ఒంటి మీద పండు వాసనతో మొదలై, మసాలాగా మారి, సాయంత్రానికి పొగగా మిగిలేది.

మా ఇంటికి వచ్చినప్పుడల్లా మణికట్టుకు రాసుకుని నా ముక్కు కింద పెట్టేది.

"నా ముక్కు పోయింది. నీకు నోరున్నది గద, చెప్పు."

"మంచిగుంది వదినా."

"మంచిగుంటదని నాకు తెల్వదా? ఏం పండు?"

"రేగుపండు."

"దోరదా, మాగిందా?"

గంటకోసారి ఇదే పరీక్ష. చేతిలో పిండి ఉన్నా, పొయ్యి మీద పాలున్నా ఆగేది కాదు. ఒకసారి నా చేతికీ రాసింది. నేను రెండు మణికట్లూ రుద్దుకోబోతే కసిరింది. "రుద్దకు, పండు నలిగిపోతది. ఒంటి వేడికి దానంతటదే రావాలె." పొయ్యి సెగకు నా చేతి మీద పండు అరగంటలోనే పోయి లవంగాలు, దాల్చినచెక్క వచ్చాయి. మా ఆయన వస్తూనే గిన్నెల మూతలు ఎత్తి చూశాడు.

"బగారా అన్నం చేసినవా?"

"తోటకూర పప్పు."

ఆయన మొహం చూసి వదిన చాలాసేపు నవ్వింది. మధ్యాహ్నం దాటాక, ఏదో మాడుతోందని నేను రెండుసార్లు వంటింట్లోకి పరుగెత్తాను. మాడింది ఏమీ లేదు.

ఆ పొగ కోసమే ఆమె ఎదురుచూసేది. వచ్చిందని చెప్తే కళ్లు మూసుకుని ఊరుకునేది. ఒకరోజు పీడ వదులుతుందని పన్నెండింటికే వచ్చిందన్నాను.

"గింత జల్ది రాదు," అంది. "అబద్ధం చెప్పకు పిల్లా. నీ ముక్కుతోనే బతుకుతున్న."

మళ్లీ ఎన్నడూ ఆమెకు అబద్ధం చెప్పలేదు.

పోయే ముందు రోజు, మంగళవారం, దవాఖానలో సెలైన్ సూది గుచ్చని ఆమె చేతికి సెంటు నేనే రాశాను. పదింటికి పండు అన్నాను. "మాగిందేనా?" అని అడిగింది. మాగిందే అన్నాను. ఒంటిగంటకు లవంగం అన్నాను. తల ఊపి నిద్రపోయింది. నాలుగు దాటాక పొగ వచ్చింది, సన్నగా. లేపబోయాను. నాలుగు రోజుల తర్వాత ఇవాళే నిద్రపట్టింది, లేపొద్దని నర్సు అంది. నా బస్సుకూ వేళవుతోంది. రేపు చెప్పొచ్చులే అనుకున్నాను. ఏ పనినీ రేపటికి ఉంచని దాన్ని, ఇదొక్కటి ఉంచాను. ఆమె మీది విసుగంతా ఇప్పుడు నా మీదికి తిరిగింది.

ఆ మంగళవారం బయల్దేరే ముందు, మణికట్టుకు గాలి తగలాలని ఆమె చేతిని వెల్లకిలా తిప్పి దుప్పటి మీద పెట్టాను. తలుపు దగ్గర ఆగి చూశాను. ఎవరికో వాసన చూడమని అందిస్తున్నట్టు, ఆ చేయి అలాగే చాచి ఉంది.