మా బావని నవల్లోంచి తీసేసిన కార్తీకం

పోస్టరు మీద ఎర్రటి ఆకులు రాలుతున్నాయి. 'శరత్కాల రచనా శిబిరం, నవలా సవరణ కార్యశాల' అని వంకర అక్షరాల్లో రాసి, కింద ఏ మంచుదేశపు చెట్లవో ఆకులు పరిచారు. నేను విశాఖపట్నంలోనే పుట్టి పెరిగాను. మా ఊళ్ళో ఆ నెలల్లో ఆకులు రాలడం ఎప్పుడూ చూడలేదు, హోర్డింగులు రాలడం చూశాను. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో అనగానే కొవ్వొత్తులూ పాలప్యాకెట్లూ కొనుక్కుని ఇంట్లో కూర్చుంటాం. మా శరత్తు అంతే. అయినా చేరాను. నా నవల రాయడం పూర్తయి చాలా కాలమైంది గానీ, చదవడం పూర్తిచేసిన మనిషి మాత్రం ఇంతవరకూ నాకు తగల్లేదు.

నవల పోర్టు గురించి. నేను పోర్టులో ఒక్కరోజు కూడా పనిచేయలేదు, మద్దిలపాలెంలో ఒక చిన్న ఆఫీసులో గుమాస్తాని. పోర్టులో పనిచేసేది మా బావ. మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. బావ క్రేన్ ఆపరేటరు, కాపురం వన్ టౌన్‌లో. మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. డ్యూటీ దిగి టీ కొట్టు దగ్గర బావ చెప్పిన ముచ్చట్లే నేను రాశాను. పేరు మార్చాను గానీ మీసం మార్చలేదు. దాంతో బావ వీధి వీధంతా చాటింపు వేసుకున్నాడు, "మా బావ రాసిన పుస్తకంలో నానున్నాను" అని. మా అప్ప ఒక్కతే నమ్మలేదు.

"ఈయన గురించి పుస్తకంలో రాత్తారంట! రేషను కార్డులోనే ఈయన పేరు తిన్నగా రాసినోడెవుడూ నేడు," అనేది.

వచ్చే వేసవికి బావ రిటైరవుతున్నాడు. క్రేన్ దిగిపోయాక పుస్తకంలోనైనా ఎక్కి కూర్చోవాలని ఆశ. ఆ మాట పైకి అనలేదు. "అచ్చయ్యాక నాకు ఓ కట్ట కాపీలు కావాల బావా, మీ అప్పకి సూపించాల," అనేవాడు, అంతే.

శిబిరం భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక రిసార్టులో. బావే బండి మీద దింపాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి నన్ను "రైటరు" అని పరిచయం చేసి, ఒక్క క్షణం ఆగి, "ఆ పుస్తకంలో ఉన్నోణ్ణి నానే," అని తనని కూడా పరిచయం చేసుకున్నాడు.

మాకు పాఠాలు చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక గురువుగారు వచ్చారు. ఖద్దరు లాల్చీ, మెడలో కండువా. సముద్రపు గాలికి ఆ కండువా మాటిమాటికీ ఎగిరి ఆయన నోటికే అడ్డం పడేది. మీ నవల ఎక్కడ దొరుకుతుందండీ అని మొదటిరోజే ఎవరో అడిగితే, "అది ఇంకా సవరణలో ఉంది," అన్నారు. ఆ జవాబుకి అందరికీ ఆయన మీద గౌరవం రెట్టింపయింది. నాకు కూడా.

మధ్యాహ్నం దాకా మౌనం పాటించాలన్నారు, గురువుగారు అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం తప్ప. పైగా కార్తీక మాసం, నిర్వాహకురాలిది నిష్ఠ గల కుటుంబం, వంటలో ఉల్లీ లేదు వెల్లుల్లీ లేదు. నోటికి మాటా లేదు, రుచీ లేదు. పక్కనే ఉన్న మత్స్యకారుల పల్లె నుంచి చేపల పులుసు వాసన తిన్నగా మా హాల్లోకే వచ్చేది. మౌనంలో ఉన్న నవలాకారులందరం ఒకేసారి తలలు ఎత్తి, ఒకరినొకరు చూసుకుని, మళ్ళీ తలలు దించుకునేవాళ్ళం. అంతటి అంతర్మథనం నేను ఏ నవల్లోనూ చదవలేదు.

రెండో రోజు కత్తెర్లు పంచారు. నవలని సన్నివేశాలుగా కత్తిరించి నేల మీద వరసగా పరచాలి. ఏ ముక్క తీసేస్తే నవల పడిపోదో ఆ ముక్క నవలకి అక్కర్లేదని గురువుగారి సిద్ధాంతం. బయట అల్పపీడనం, లోపల తలుపులు తెరిచే ఉన్నాయి. ఒక్క గాలి విసురుకి హాలంతా సాహిత్యం ఎగిరింది. సీతమ్మధార నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్చరరు గారి చారిత్రక నవల్లో, యుద్ధభూమి మధ్యలోకి నా నవల్లోని సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ ముక్క ఒకటి దూరింది. ఆవిడ రెండుసార్లు చదువుకుని కూడా బాగానే ఉందనుకున్నారు.

గురువుగారు నా వరస దగ్గరకి వచ్చి, వంగి, బావ ఉన్న ముక్కని రెండు వేళ్ళతో పైకి తీశారు.

"ఈ క్రేన్ ఆపరేటరుకి ఏం కావాలండీ?"

"టీ అండీ," అన్నాను.

"అది పైపైన. అంతరాంతరాల్లో?"

ఆలోచించాను. బావ నాకు మా అప్ప పెళ్ళి నాటి నుంచి తెలుసు. "ఇంకో టీ అండీ."

ఆయన జాలిగా నవ్వారు. "కోరిక లేని పాత్ర శవంతో సమానం. ఇది తీసి పక్కన పెట్టి చూడండి, నవల పడిపోతోందా?"

పెట్టి చూశాను. పడిపోలేదు. మా ఇంటి ఫంక్షన్లలోంచి బావని తీసేసినా పెళ్ళి ఆగదు, తాళి ఆగదు. కాకపోతే నవ్వేవాళ్ళు ఉండరు. ఈ మాట గురువుగారితో అనాలని ఉంది గానీ, అప్పటికింకా మధ్యాహ్నం కాలేదు. మౌనం ఆయనకి వర్తించదు, మాకే. చుట్టూ ఉన్నవాళ్ళంతా తీసేయమన్నట్టు తలలు ఊపారు. పదిమంది తలలు ఒకవైపు ఊగుతుంటే నా ఒక్క తల ఇంకోవైపు ఊగలేకపోయింది. బావని మడిచి బ్యాగు జేబులో పెట్టాను.

పొద్దున్న తీసుకున్న ఫోన్లు సాయంత్రం మాకు తిరిగి ఇచ్చిన వెంటనే బావ నుంచి ఫోను.

"ఏటి బావా, ఏటి సేత్తన్నారు మీరంతా? నా సీను సదివారా?"

"చదివారు బావా."

"ఏటన్నారు?"

"చాలాసేపు చేతిలో పట్టుకుని చూశారు."

అబద్ధం కాదు. బావ గొంతులో ఆనందం వింటుంటే మాత్రం నాకు సిగ్గేసింది. "ఆదోరం మా వీదోలమంతా వత్తన్నాం. మీ అప్ప కూడా," అని ఫోను పెట్టేశాడు.

ఆ రావడం ఏమిటంటే, చివరి రోజు కార్తీకమాసపు ఆదివారం. తెలుగువాళ్ళని ఆ రోజు ఒక తోటలో పెట్టి, కుటుంబాలు లేకుండా నవలలు సవరించుకోండంటే జరిగే పని కాదు. నిర్వాహకురాలు ముందే వనభోజనం ప్రకటించారు. ఉసిరి చెట్టు కింద తినాలి, రిసార్టులో ఉసిరి చెట్టు లేదు. ఒక ఉసిరి కొమ్మ తెప్పించి కొబ్బరి చెట్టుకి తాడుతో కట్టారు. పొద్దున్నే ఆటోల్లో, కార్లలో అత్తగార్లూ పిల్లలూ పులిహోర డబ్బాలూ దిగాయి. మూడు రోజుల మౌనం పావుగంటలో కొట్టుకుపోయింది. భోజనానికి ముందు ఒక్కొక్కరూ సవరించిన అధ్యాయం చదవాలని, తర్వాత తంబోలా అని కార్యక్రమం వేశారు.

బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసానికి రంగు వేసుకుని, మొదటి వరసలో కూర్చున్నాడు. పక్కన మా అప్ప. ఆమె మొహం ఎలా ఉందంటే, కొన్న చీర రంగు వెలుస్తుందని ముందే తెలిసిన మనిషి మొహంలా ఉంది.

నా వంతు వచ్చింది. చదవడం మొదలుపెట్టాను. వర్షం. ఓడలు ఆగే వార్ఫు. కథానాయకుడు తనలోకి తాను చూసుకుంటున్నాడు. పేజీ తిప్పాను. ఇంకా చూసుకుంటున్నాడు. పిల్లలు తంబోలా టికెట్లు కావాలని గోల. ఒక పెద్దాయన పులిహోర డబ్బా మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టాడు. పేజీ తిప్పాను. బావ ఒక్కడే ముందుకి వంగి వింటున్నాడు, ప్లాట్‌ఫారం మీద రైలు కోసం చూసేవాడిలాగా. ఇంకో పేజీ తిప్పేసరికి ఉండబట్టలేకపోయాడు.

"నానెప్పుడొత్తాను బావా?"

అందరూ నవ్వారు. మా అప్ప నవ్వలేదు. బావ మొహం వైపు చూసి, నా మొహం వైపు చూసి, కొంగు సర్దుకుంది. గురువుగారు అడిగిన ప్రశ్నకి జవాబు నాకు అప్పుడు దొరికింది. ఈ మనిషికి ఏం కావాలో నా ఎదురుగానే, అతని పక్కనే కూర్చుని ఉంది.

"వస్తున్నావు, కూర్చో," అన్నాను.

చేతిలో కాయితం అలాగే పట్టుకుని, బ్యాగు జేబులో ఉన్నదంతా నోటితో చెప్పేశాను. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. క్రేన్ క్యాబిన్‌లోంచి చూస్తే వన్ టౌన్ డాబాలన్నీ కనబడతాయి. అందులో ఒకటి తన సొంత డాబా. దాని మీద పెళ్ళాం పొద్దున్న పెట్టిన వడియాలు, వాటి మీద కాకులు. ఎంత అరిచినా అంత దూరం వినబడదు. ఆపరేటరు ఆలోచించాడు, క్రేన్ హారన్ గట్టిగా నొక్కాడు. కాకులు లేచిపోయాయి. ఓడలో కెప్టెన్ కూడా లేచి బయటికి వచ్చాడు. ఓడ ఆగిన బెర్త్ మీద పని ఆగింది, కార్మికులు తలోదిక్కూ పరిగెత్తారు. సూపర్‌వైజరు మెట్లెక్కి రొప్పుకుంటూ వచ్చి ఏమైందయ్యా అని అడిగితే, ఆపరేటరు చెప్పాడు: "కాకులు సార్."

జనం విరగబడి నవ్వారు. పులిహోర పెద్దాయన డబ్బా కింద పెట్టేశాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది గురువుగారు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, కండువాతో కళ్ళు తుడుచుకుని, లేచి నిలబడి, "ఇదీ! మూడు రోజులుగా నేను మొత్తుకుంటున్నది ఇదే! జీవమున్న పాత్ర అంటే ఇదీ!" అన్నారు. మొన్న తలలు ఊపినవాళ్ళంతా మళ్ళీ ఊపారు. అంతా కలిసి ఒకే వైపు.

ఆ గోలలో మా అప్ప మొగుడి వైపు తిరిగింది. "ఆ ఎండల్లో కూసింది, ఆ పెద్ద హారను... నా వడియాలకా?"

బావ ఉసిరి కొమ్మ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు హారన్ కొట్టినందుకు పోర్టువాళ్ళు మెమో ఇచ్చారని ఇంట్లో చెప్పలేదు, అందుకని ఈ సంగతే ఎప్పుడూ ఎత్తలేదు. భోజనాల దగ్గర మా అప్ప మొగుడికి అడక్కుండానే రెండోసారి పులిహోర వడ్డించింది.

సాయంత్రం ఆమె వీధివాళ్ళతో ఆటోలో వెళ్ళిపోయింది. నేను బావ బండి ఎక్కాను. గాలి ఎక్కువగా ఉంది. బావ సంతోషంగా ఉన్నాడని నాకు సంతోషంగా ఉంది. గండం గడిచిందనీ, ఇక ఆ ముక్క తీసిన సంగతి ఎవరికీ తెలియదనీ అనుకున్నాను. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. బావ వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ముందు ఆ వోన గురించి సదివినప్పుడు కాయితాలు తిప్పావు బావా."

"ఊఁ."

"నానొచ్చాక ఒక్క కాయితం తిప్పనేదు."

క్రేన్ మీద కూర్చుని కింద నిలబడ్డ మనిషి చెయ్యి ఎటు కదిలితే అటు బరువు దించే మనిషి. అంతసేపూ నా చేతులే చూశాడని నాకు తట్టలేదు. క్షమించు బావా అందామనుకున్నాను గానీ, వెనకాల బస్సు హారన్ కొట్టింది. పచ్చలైటు.

"ముందు టీ తాగుదాం," అన్నాడు బావ, బండి కదుపుతూ. "తాగి ఇంటికెల్లి నన్ను మల్లీ అందులో రాసీ. ఈపాలి కాయితం సూసి సదువు."